గోడల్లో పొట్టు

ఆల్బిన్ జుపాన్ మీద గార్డీ ర్యాంటాలాకి ఉన్న కసి తొమ్మిది చలికాలాల నాటిది. ఇప్పుడు పదోది నడుస్తోంది. ఆల్బిన్ పరాయివాడు కాదు. భార్య రోజ్‌లిన్‌కి తోడబుట్టిన అన్న. ఇనుప గనిలో ఇరవై ఏళ్ళు ఒకే షిఫ్టులో గార్డీ పక్కన నిలబడి దుమ్ము మింగినవాడు. గార్డీ పెళ్ళిలో అకార్డియన్ వాయించి అందర్నీ తెల్లారేదాకా గెంతించినవాడు. అలాంటివాడు తనని నిలువునా ముంచాడు. డబ్బు దగ్గర ముంచి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాడేమో. కానీ వాడు తీసుకున్నది నలభై ఎకరాల అడవి, అంటగట్టింది ఖాళీ గోడల ఇల్లు.

ఈ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. తెలియనివాళ్ళు దొరికితే గార్డీ వాళ్ళకి బీరు కొని మరీ చెప్పేవాడు.

జరిగింది ఇదీ. గని గొయ్యి ఏటేటా నోరు పెద్దది చేసుకుంటూ హారిగన్ లొకేషన్ అనే కాలనీ అంచుకి వచ్చింది. "నేల మాది, ఇళ్ళు మీవి, మోసుకుపోండి" అంది కంపెనీ. ఆ చుట్టుపక్కల అది వింతేమీ కాదు. అక్కడ మనుషులకన్నా ఇళ్ళే ఎక్కువ తిరిగాయి. గార్డీ పుట్టిన ఇల్లు అతను బడి మానేసేలోపే రెండు చోట్లు మారింది. ఆల్బిన్ అప్పటికే టౌన్లో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. లొకేషన్‌లో తండ్రి కట్టిన పాత ఇల్లు ఊరికే నిలబడి ఉంది. అక్కడికి రెండు మైళ్ళలో గార్డీ, రోజ్‌లిన్ ఒక రేకుల ట్రైలర్ ఇంట్లో ఉంటున్నారు. గార్డీకి ఇల్లు లేదు గానీ, లూన్ చెరువు ఒడ్డున తండ్రి ఇచ్చిన నలభై ఎకరాలున్నాయి. అందులో జింకల వేటకి ఒక చెక్క గుడిసె, చెరువులోకి దూకడానికి వీలుగా ఒడ్డునే ఆవిరి స్నానాల కొట్టు. ఆ నలభై మీద ఆల్బిన్ కన్ను పడి చాలా కాలమైంది.

"ఇల్లు పట్టుకుపో, నలభై ఇచ్చెయ్యి" అన్నాడు ఆల్బిన్ ఒక శుక్రవారం బార్లో, చేప వేపుడు తింటూ. "మా నాన్న కట్టిన ఇల్లు బావా. గోడల నిండా రంపం పొట్టు. చలి లోపలికి రావాలంటే పర్మిషన్ అడగాలి."

గార్డీ తేలిగ్గా మోసపోయే మనిషి కాదు. ఆ మాట అతనే చెబుతాడు. మర్నాడే టార్చిలైటు, రోజ్‌లిన్ క్రోషే సూది తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. హాల్లో మోకాలెత్తున ఉన్న ప్లగ్గు మూత విప్పాడు. కరెంటు తీసేసి, పెట్టె పక్క సందులోంచి సూది దూర్చి కొక్కెంతో లాగాడు. పైన్ జిగురు వాసనతో, సున్నం కలిసిన పచ్చటి పొట్టు రాలింది. పడకగదిలో ఒక ప్లగ్గు, వంటగదిలో ఒక ప్లగ్గు విప్పాడు. అక్కడా పొట్టే. బయటి గోడలో చలిని ఆపేదేమైనా ఉందా లేదా అని చూడాలంటే ఆ ఊళ్ళో ఎవరైనా అలాగే చూస్తారు. గోడకి కన్నం పెట్టకుండా చూడటానికి ఉన్న దారి అదొక్కటే.

ఒప్పందం బార్లోనే రాసుకున్నారు. కంచం కింద పరిచే కాగితం తిరగేసి ఆల్బిన్ తన చేత్తోనే రాశాడు: గోడలు ఖాళీ అని తేలితే నలభై వెనక్కి ఇచ్చేస్తాను. తేల్చేది గార్డీ కాదు, నేనూ కాదు, పని తెలిసిన మూడో మనిషి. ఇద్దరూ సంతకాలు పెట్టారు. బారు ఓనరు సాక్షి సంతకం పెడుతూ కాస్త కెచప్ కూడా అంటించాడు.

ఇల్లు మోసుకురావడం ఒక్క పూటలో అయిపోయింది. ఆ కథ గార్డీ ప్రతి ఏడూ జింకల వేట మొదలయ్యే రోజున వేటగాళ్ళ ముందు చెబుతాడు. వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతారు. అది తర్వాత.

మొదటి చలికాలంలోనే ఇల్లు గుట్టు విప్పింది. మంచం తలవైపు గోడ మీద, మనిషి తల ఎత్తున, తెల్లటి మంచు పొర పట్టింది. యేసు పటం తగిలించిన మేకు తలకాయ మీద గాజుపూసలాంటి ఐసు బొట్టు. పటం వెనక్కి చెయ్యి పెడితే గోడ శవంలా ఉంది. అదే ఇంట్లో ఆల్బిన్ వాళ్ళ నాన్న ఆరు బండ్ల కట్టెలతో చలికాలం గడిపేవాడు. గార్డీ పదకొండు కాల్చాడు. రోజ్‌లిన్ కోటు వేసుకుని వంట చేసింది. ఆమె వాల్‌నట్లు చుట్టి చేసే పొటీత్సా రొట్టెకి పిండి పొంగక, దాన్ని పిల్లని పడుకోబెట్టినట్టు పొయ్యి పక్కన దుప్పటి కప్పి పడుకోబెట్టేది.

గార్డీ మళ్ళీ ప్లగ్గులు విప్పి చూశాడు. పొట్టు ఉంది. ఒకటి కాదు, ఇంట్లో ఉన్న పదకొండు ప్లగ్గులూ విప్పాడు. అన్నిట్లోనూ ఉంది. వారం రోజులు ఆలోచించాడు. ఆ తర్వాత ఒకరోజు బీరు గ్లాసు బల్ల మీద కొట్టి, మోసం ఎలా జరిగిందో బార్లో అందరికీ చెప్పాడు.

"నేను ప్లగ్గులు విప్పి చూస్తానని వాడికి తెలుసు. అందుకే ప్లగ్గుల చుట్టూ గుప్పెడు గుప్పెడు కుక్కాడు. మిగతా గోడంతా గాలి!"

ఆ మాట ఆల్బిన్ చెవిన పడింది. "నేను కుక్కానా? ఆ ఇంట్లో ప్లగ్గులెన్నో కూడా నాకు తెలీదు. పని తెలిసినవాణ్ణి పిలవమను, కాగితంలో ఉంది కదా" అని కబురు పెట్టాడు. పని తెలిసినవాడు వచ్చి చూడాలంటే నాలుగొందల డాలర్లు అడిగాడు. తన గోడ ఖాళీ అని తెలుసుకోవడానికి తనే నాలుగొందలు పొయ్యాలా అని గార్డీకి ఒళ్ళు మండింది. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. క్రిస్మస్‌కి రోజ్‌లిన్ రెండిళ్ళ మధ్యా ఒక్కతే తిరిగేది, రొట్టె పట్టుకుని.

"పోనీ గార్డీ, మనమే గోడలు నింపించుకుందాం. నా వేళ్ళు చూడు" అనేది ఆమె ఏటా జనవరిలో.

"నింపితే సాక్ష్యం పోతుంది" అనేవాడు గార్డీ. "నలభై ఎకరాల సాక్ష్యం అది. దాని మీద చెయ్యి వెయ్యకు."

అలా ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు చలిని జాగ్రత్తగా దాచుకున్నారు. బార్లో రాసుకున్న కాగితాన్ని కూడా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఫ్రీజర్ అడుగున, జింక మాంసం కింద భద్రంగా దాచారు. ఇల్లు తగలబడినా అది మిగలాలని.

పదో జనవరిలో కౌంటీ వాళ్ళ కాగితం వచ్చింది. పాత ఇళ్ళ గోడలు ఉచితంగా చూసిపెడతారట. ఉచితంగా అన్న మాట గార్డీ మూడుసార్లు చదివాడు. కింద ఇంకా ఏదో రాసి ఉంది గానీ అది రోజ్‌లిన్ చదివింది.

ఆ రోజు పొద్దున సున్నాకి కింద ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఆ చలిలో ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకుంటాయి. కౌంటీ వాళ్ళ మనిషి చిన్న తెల్ల కారులో దిగింది. పేరు ట్రీనా ఒలాండర్, ముప్ఫై ఏళ్ళుంటాయి. మినియాపొలిస్ నుంచి వచ్చి రెండు నెలలైంది. చేతిలో తుపాకీలాంటి పిడి ఉన్న కెమెరా. ఆమె వెనకే ఆల్బిన్ పికప్ వచ్చి ఆగింది. రోజ్‌లిన్ ఫోన్ చేసి పిలిచింది, కాగితం ప్రకారం ఇద్దరూ ఉండాలని. ఆల్బిన్ లావయ్యాడు, మెడ పొట్టిదైంది. తొమ్మిదేళ్ళ తర్వాత తన తండ్రి ఇంట్లో అడుగుపెట్టి, బూట్లు విప్పి, గుమ్మం దగ్గర సరిగ్గా చిన్నప్పుడు పెట్టే మూలలోనే పెట్టాడు. అది చూసి గార్డీకి ఇంకా మంట పుట్టింది.

"ఏం బావా, బతికే ఉన్నావా?" అన్నాడు ఆల్బిన్.

"ఈ ఇంట్లో ఉండి కూడా" అన్నాడు గార్డీ.

రోజ్‌లిన్ కోటు వేసుకునే కాఫీ కాచింది. "అన్నయ్యా, కాఫీ?"

"వద్దు వద్దు, ఇప్పుడే తాగొచ్చా."

"కొంచెం తీసుకో."

"నీకెందుకమ్మా శ్రమ, వద్దులే."

"పోసేశాను."

"పోసేశాక ఇంకేం చేస్తాం. సగం కప్పు చాలు" అని నిండు కప్పు అందుకున్నాడు ఆల్బిన్. అది పద్ధతి. ఆ ఊళ్ళో పుట్టినవాడు ఆకలితో చచ్చిపోతున్నా రెండుసార్లు వద్దంటాడు. అడిగేవాళ్ళు మూడోసారి అడిగి తీరతారు.

"మీకు?" అంది రోజ్‌లిన్, ట్రీనా వైపు తిరిగి.

"ఆఁ, ఇవ్వండి. పంచదార రెండు స్పూన్లు. ఆ రొట్టె కూడా బావుందే, ఒక ముక్క పెట్టండి" అంది ట్రీనా.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదటిసారికే సరే అనడమే కాక అడగనిది కూడా అడిగిన మనిషిని ఆ వంటగది ఎన్నడూ చూడలేదు. "పొద్దున్నే ఏమన్నా తిన్నావో లేదో" అని రోజ్‌లిన్ జాలిపడి పెద్ద ముక్క కోసింది.

గార్డీ ఫ్రీజర్లోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ట్రీనా చదివింది. కెచప్ మరక కూడా చూసింది.

"నేను గోడలు చూసి చెబుతాను. ఎకరాల సంగతి నాకు సంబంధం లేదండీ" అంది.

"గోడలు చెప్పమ్మాయ్, ఎకరాలు వాటంతటవే వస్తాయి" అన్నాడు గార్డీ.

ఆమె ముందు హాల్లో ప్లగ్గు మూతే విప్పింది. సన్నటి చెక్క పుల్ల దూర్చి తిప్పింది. పొట్టు రాలింది. ఆల్బిన్ ఒక చిటికెడు తీసి వాసన చూశాడు.

"మా నాన్న వాసన" అన్నాడు. "రంపం మిల్లునుంచి మంచు మీద జారే స్లెడ్జి బండి మీద తెచ్చి, ఎలకలు పట్టకుండా సున్నం కలిపి, అటక మీంచి పోసి కర్రతో కుదించేవాడు. నేను బకెట్లందించా. చూసుకో బావా, కళ్ళు పెద్దవి చేసుకుని చూసుకో. ఇది గాలా?"

"ప్లగ్గుల దగ్గర నువ్వు కుక్కింది కాదూ? పైకెళ్ళి చూడమను."

"నేనెందుకు కుక్కుతాను? నా నడుం వంగి ఎన్నేళ్ళైందో అడుగు మా ఆవిణ్ణి."

"నలభై ఎకరాలకి ఎవడి నడుమైనా వంగుతుంది."

"ఇద్దరూ కాసేపు నోరు మూసుకుంటే ఆ అమ్మాయి పని చేసుకుంటుంది" అంది రోజ్‌లిన్.

ట్రీనా కెమెరా పైకెత్తి గోడవైపు గురిపెట్టింది. అది వెలుగుని కాదు, వేడిని చూస్తుందని చెప్పింది. వెచ్చగా ఉన్నచోట నారింజ, చల్లగా ఉన్నచోట నీలం. ముగ్గురూ ఆమె భుజాల మీంచి తలలు పెట్టారు. చిన్న తెరమీద పడకగది గోడ కనిపించింది. కింద నారింజ, పైన ముదురు నీలం. రెండిటి మధ్యా నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, సగం తాగి పెట్టిన సీసాలో మట్టంలా, ఒక గీత. వంటగది గోడా అంతే. హాలు గోడా అంతే. ఇల్లు చుట్టూ అదే ఎత్తున అదే గీత.

గార్డీకి గుండెల్లో పొద్దు పొడిచింది. తొమ్మిదేళ్ళుగా ఒక్కడూ నమ్మని మాట అక్కడ రంగుల్లో ఉంది.

"ఖాళీ!" అన్నాడు. "చూశావుటే రోజీ? సగం ఖాళీ! తలకాయ దగ్గర మంచు ఎందుకు పట్టిందో చూశావా? నడుం దాకా పోసి చేతులు దులుపుకున్నాడు మీ నాన్న. అయ్యో, పోనీ, మీ నాన్నని అననులే. వీడు, వీడు తీసేశాడు పైదంతా. కంపెనీకి అమ్ముకున్నాడేమో."

"రంపం పొట్టు ఎవడు కొంటాడురా?" ఆల్బిన్ మొహం పాలిపోయింది. తెరనే చూస్తున్నాడు. "ఇదేంటిది? పైదాకా పోశామే. అటక మీద నుంచుని నేనే..."

"కాగితంలో ఏముంది? గోడలు ఖాళీ అని తేలితే. తేలింది. పని తెలిసిన మనిషి తేల్చింది. నలభై ఇటు పెట్టు."

"సగం ఖాళీ అంటే సగం నిండా అని కూడా కదా."

"అయితే కనీసం సగం పెట్టు. ఇరవై. స్నానాల కొట్టున్న వైపు."

"ఆగండి" అంది ట్రీనా. "కెమెరా చూపించేది వేడిని మాత్రమే. లోపల ఏముందో కళ్ళతో చూడాలి. ఈ బట్టల అలమారాలో, పైన, కనపడనిచోట చిన్న కన్నం పెట్టనా? మళ్ళీ బిరడా కొట్టేస్తాను."

"ఇల్లంతా కన్నాలు పెట్టు తల్లీ" అన్నాడు గార్డీ. జన్మలో ఎవర్నీ తల్లీ అనలేదతను.

ఆమె కుర్చీ ఎక్కి, హేంగర్లు జరిపి, పైకప్పుకి జానెడు కింద రూపాయంత కన్నం కోసింది. లోపల్నుంచి చలి ఈల వేస్తూ వచ్చింది. చిన్న అద్దం, లైటు ఉన్న తీగ దూర్చి అటూ ఇటూ తిప్పింది. చాలాసేపు చూసింది. ఆ కాసేపట్లో గార్డీ మనసులో వేట గుడిసె కప్పు బాగుచేయించుకున్నాడు, పాత పొయ్యి తీసి కొత్తది పెట్టాడు.

"ఇక్కడ ఖాళీయే" అంది ట్రీనా.

"చెప్పానా!"

"కానీ ఎప్పుడూ ఖాళీగా లేదు. చూడండి, నిలువు చెక్కల పక్కన సున్నం మరక. తారు కాగితానికి పొట్టు అతుక్కుని ఉంది. మరక పైకప్పు దాకా ఉంది. ఇది ఒకప్పుడు నిండు గోడ. పైదాకా, గట్టిగా కుదించిన పని. ఇంత మంచి పని నేను ఈ కౌంటీలో చూడలేదు."

ఆల్బిన్ కుర్చీ ఎక్కాడు. అది కిర్రుమంది. కన్నానికి కన్ను ఆనించి చూసి దిగాడు. చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. తండ్రి మీద పడబోయిన నింద తప్పినందుకో, మరెందుకో.

"మరి పైదంతా ఏమైపోయింది?" అంది రోజ్‌లిన్.

"ఒక్కోసారి ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త కిందకి దిగుతుంది. అయినా ఇంతలా దిగదు. ఇంటికి పెద్ద కుదుపు ఏమైనా తగిలిందా? భూకంపంలాంటిది?"

"ఇక్కడ భూకంపాలెక్కడివి" అంటూనే ఆల్బిన్ ఆగిపోయాడు.

గార్డీ అంతకు ముందే ఆగిపోయాడు. కుదుపు అన్న మాట చెవిన పడగానే గోడకి వీపు తిప్పాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ నుంచున్నాడు. కుక్కల కొట్టు కనపడింది. చూపు మరల్చుకున్నాడు. ఆల్బిన్‌కి గుర్తు రాకూడదని మనసులో గట్టిగా అనుకున్నాడు. కానీ గుర్తు లేకపోవడానికి వీలు లేదు. తొమ్మిది వేట సీజన్లలో తొమ్మిది సార్లు, బార్లో అందరి ముందూ, మూల బల్ల దగ్గర ఆల్బిన్ వింటుండగానే, చేతులు తిప్పుతూ చెప్పిన కథ అది.

ఇల్లు మోసే లైల్ అనే ఆసామి పెద్ద రోడ్డు మీంచి ఏడు మైళ్ళు చుట్టి, మనిషి నడకన, రెండు రోజుల్లో తీసుకెళదామన్నాడు. రెండో రోజు కూలీ ఎందుకు దండగ అన్నాడు గార్డీ. అడవిలో దుంగలు పరిచిన పాత దారి ఉంది, రెండే మైళ్ళు, మధ్యలో గని రైలు పట్టాలు. లైల్ తల అడ్డంగా ఊపాడు. గార్డీ నిలువుగా ఊపించాడు. ట్రక్కు దుంగల మీద గడగడలాడింది. పట్టాల దగ్గర ఇల్లు ఒక జానెడు పైకి లేచి దబ్బున పడింది, కింది పలకల సందులు తెరుచుకున్నాయి. అక్కణ్ణుంచి కొత్త స్థలం దాకా మంచు మీద పచ్చటి చార. కోడిని ఈకలు పీక్కుంటూ తీసుకొచ్చినట్టు ఇంటిని తెచ్చామని చెప్పేవాడు గార్డీ. ఇక్కడికి రాగానే వేటగాళ్ళు కడుపులు పట్టుకునేవాళ్ళు. అసలు హాస్యం ఆ తర్వాత.

"ఆగాగు" అన్నాడు ఆల్బిన్. నెమ్మదిగా, ఒక్కో మాట వెతుక్కుంటూ. "నువ్వే చెప్పేవాడివి కదా బావా. పార, చీపురు పట్టుకెళ్ళి రోడ్డంతా ఊడ్చానని. ఎన్ని గోతాలన్నావు?"

గార్డీ కిటికీ తెర సర్దాడు.

"పద్నాలుగు" అంది రోజ్‌లిన్. "నేనే కదా నోళ్ళు పట్టుకున్నాను."

"పద్నాలుగు గోతాలు! కుక్కలకి పరుపు! 'మా కుక్కలకి రెండు చలికాలాలు పట్టుపరుపు, ఒక్క సెంటు ఖర్చు లేదు' అని నువ్వు కాదూ చెప్పింది?"

"అది బయటి పలకల కింద ఉన్న చెత్త అనుకున్నాను" అన్నాడు గార్డీ.

"సున్నం కలిపిన పొట్టు! మా నాన్న పొట్టు! నీ కుక్కలు వెచ్చగా పడుకున్నాయిరా తొమ్మిదేళ్ళ కిందట, నా చెల్లెలు ఇక్కడ కోటేసుకుని..." ఆల్బిన్ నవ్వు మొదలుపెట్టాడు గానీ, ఆ మాట దగ్గర చెల్లెలి వైపు చూసి ఆగిపోయాడు.

రోజ్‌లిన్ చేతుల్ని కాఫీ కప్పు చుట్టూ పెట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు ఎర్రగా పగిలి ఉన్నాయి. అందర్నీ దాటి వంటగదిలోకి వచ్చింది. బల్ల మీది బార్ కాగితాన్ని తీసి, దాంతో రొట్టె పొడి ఎత్తి, చెత్తబుట్టలో వేసింది. అంతే. గార్డీ అది చూశాడు. చెత్తబుట్ట వైపు ఒక అడుగు వేసి ఆగాడు.

ట్రీనా తన కాగితాలు తీసింది. పై సగం నింపడానికి ఒక్క రోజు చాలని, బయటి పలకలు నాలుగు విప్పి గొట్టంతో ఊదుతారని, ఖర్చు కౌంటీదే అని చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందట కూడా ఈ పథకం ఉంది, మీరెవరూ ఎందుకు అడగలేదని ఆశ్చర్యపోయింది. రోజ్‌లిన్ మొగుణ్ణి అడగకుండానే సంతకం పెట్టేసింది.

ఆల్బిన్ మూడో కప్పు కాఫీ రెండుసార్లు వద్దని తాగాడు. తండ్రి కట్టిన పైకప్పు వైపు చూశాడు. చెల్లెలి చేతుల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"బావా. ఆ నలభైలో నేను చెరువు వైపు ఎన్నాళ్ళనుంచో వెళ్ళనే లేదు. నా మోకాళ్ళకి ఆ దిగుడు పడదు. చెరువు వైపు సగం నువ్వు తీసుకో. గుడిసె, స్నానాల కొట్టు నీ సగంలోనే వస్తాయి. కాగితాలు రాయించేస్తాను."

చెరువు ఒడ్డు, తండ్రి చేతులతో పేర్చిన రాళ్ళ పొయ్యి, అక్టోబరులో ఆకులన్నీ పసుపు పచ్చనయ్యే ఆ వాలు, అంతా ఒక్కసారి గార్డీ కళ్ళ ముందు నిలిచింది. లేచి ఆల్బిన్‌ని కావలించుకోవాలనిపించింది. కానీ ఎలా పెరిగినవాడు అలాగే మాట్లాడతాడు కదా.

"నాకెందుకు బావా నీ సగం. వద్దు" అన్నాడు.

ఆల్బిన్ తలూపాడు. ఆ వద్దు అర్థమైంది. రోజ్‌లిన్‌కీ అర్థమైంది, ఆమె కప్పు కింద పెట్టింది.

"ఊరికే అనట్లేదు గార్డీ. రోజీ కోసం. తీసుకో."

"లేదు లేదు. ఒప్పందం ఒప్పందమే. నువ్వే ఉంచుకో" అన్నాడు గార్డీ. అంటూనే మనసులో, వసంతం రాగానే ముందు స్నానాల కొట్టు గడప మార్చాలి అనుకున్నాడు. కుర్చీలో కాస్త ముందుకి జరిగాడు. మూడోసారికి చెప్పాల్సిన మాట కూడా సిద్ధం చేసుకున్నాడు: 'నువ్వింతగా అంటున్నావు కాబట్టి.' నాలుక చివర ఉంది.

ఆల్బిన్ నోరు తెరిచాడు.

"ఆయన వద్దంటున్నారు కదండీ" అంది ట్రీనా, కెమెరా పెట్టెలో సర్దుతూ. "రెండుసార్లు చెప్పారు. ఎందుకు బలవంతం చేస్తారు? ఆయనకీ పౌరుషం ఉంటుంది కదా."

ఆల్బిన్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ట్రీనాని చూశాడు, గార్డీని చూశాడు. ఒక బయటి మనిషి ముందు, పౌరుషం అన్న మాట వచ్చాక, మూడోసారి అడగడమంటే బావని పౌరుషం లేనివాడనడమే. నోరు మూశాడు.

"అదీ నిజమే" అన్నాడు.

గార్డీ ఏం చెయ్యాలి? లేదండీ, నా వద్దులో సరే ఉంది అనాలా? ఆ మాట ఆ ఊళ్ళో పుట్టినవాడు ఎవడూ అనలేదు, అనలేడు. ఇక ఎవరైనా అనగలిగితే రోజ్‌లిన్ అనాలి. రోజ్‌లిన్ కాఫీ కప్పులు కడుగుతోంది. వీపు ఇటు పెట్టి.

ఆల్బిన్ బయల్దేరుతుంటే గార్డీ పికప్ దాకా వెళ్ళాడు, ఆ చలిలో, టోపీ లేకుండా. ఇంజను వెచ్చగా ఉంచే వైరు ప్లగ్గులోంచి తనే తీసి చుట్టి ఇచ్చాడు. అద్దం మీది మంచు తన చేత్తో గీకాడు. అద్దం మొత్తం గీకాక పక్క అద్దాలు కూడా గీకాడు.

"ఇంకేమన్నా అనాలా బావా?" అన్నాడు చివరికి.

ఆల్బిన్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆలోచించాడు.

"లేదు బావా. నీ పౌరుషం చూసి ముచ్చటేసింది" అని గేరు వేశాడు. నిజంగానే కళ్ళు చెమర్చి ఉన్నాయి వాడికి.

గార్డీ లోపలికొచ్చి పడకగదిలో కూర్చున్నాడు. అలమారాలో కన్నానికి కొట్టిన కొత్త బిరడా తెల్లగా మెరుస్తోంది. తొమ్మిదేళ్ళ కిందట పోయిన భూమి ఇవాళ మధ్యాహ్నం సగం తిరిగొచ్చి, పావుగంటసేపు తనదై ఉండి, మళ్ళీ పోయింది. నలభై నలభై అంటారు గానీ అది నలభై కాదు, కౌంటీ రోడ్డుకి ఎకరం ముప్ఫై సెంట్లు ఎప్పుడో పోయాయి, పన్ను కట్టినవాడు కాబట్టి గార్డీకి తెలుసు. మిగిలింది ముప్ఫై ఎనిమిది ఎకరాల డెబ్భై సెంట్లు. అందులో చెరువు వైపు సగం, పందొమ్మిది ఎకరాల ముప్ఫై అయిదు సెంట్లు.